మళ్ళీ ఆడిన పద్య నాటకం: చప్పట్లు దేనికి, అభ్యంతరం దేనికి?

పాత పద్య నాటకాన్ని ఎవరైనా మళ్ళీ రంగస్థలం ఎక్కించారంటే మర్నాడు వచ్చే వార్త దాదాపు ఒకేలా ఉంటుంది. ప్రేక్షకులు మంత్రముగ్ధులయ్యారని రాస్తారు. లేదంటే ఖాళీ కుర్చీలు చూసి కళ అంతరించిపోతోందని వాపోతారు. ఈ రెండు మాటల వల్లా నాటకానికి ఒరిగేదేమీ లేదు. వచ్చినవాళ్ళు దేనికి చప్పట్లు కొట్టారు, ఎక్కడ లేచి వెళ్ళిపోయారు, ఏ పద్యం మళ్ళీ పాడమన్నారు, ఏ పాత్రను చూసి నొచ్చుకున్నారు అన్నది విడదీసి చూసేవాళ్ళు తక్కువ. అలా చూడడం అవసరం. తెలుగు పద్య నాటకాన్ని కవులు రాశారు, నటులు పాడారు. కాని ఇవాళ మన ముందున్న రూపానికి దాన్ని తెచ్చింది చాలావరకు ప్రేక్షకులే. మంచి చేసినా చెడు చేసినా వాళ్ళే. ఈ సంగతి మరిచిపోయి పునఃప్రదర్శన తలపెడితే ఏది నిలబెట్టాలో, ఏది వదిలేయాలో తేలదు.

మన జనం మొదట్నుంచీ పాట కోసమే వచ్చారు. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక కంపెనీ కోస్తా ఊళ్ళలో ఆడి వెళ్ళాక ఇక్కడ నాటకం మీద మోజు పుట్టింది. 1880లోనే కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు. అది వచనం. ఆ దారి కన్నా బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'చిత్రనళీయం'తో వేసిన దారే జనానికి నచ్చింది. ఆయన పద్యాలకు పాటలు కూడా చేర్చారు. హార్మోనియం వచ్చి శ్రుతి పట్టుకుంది. గ్రామఫోను రికార్డులు వచ్చి నాటకం చూడనివాళ్ళకు కూడా పద్యాలు కంఠతా వచ్చేలా చేశాయి. 1932లో తొలి తెలుగు టాకీగా వచ్చిన 'భక్త ప్రహ్లాద' కూడా సురభి నాటక సమాజం వారు ఆడుతున్న నాటకమే. అక్షరం రాని రైతు పొలం గట్టు మీద రాయబారం పద్యం ఎత్తుకోవడం ఒకనాడు కోస్తా జిల్లాల్లో వింత కాదు.

అందువల్ల పద్య నాటకం చూడ్డానికి వచ్చినవాడికి కథ తెలుసు, పద్యం తెలుసు, ఆ పద్యాన్ని ఫలానా నటుడు ఎలా పాడాడో కూడా తెలుసు. తర్వాత ఏం జరుగుతుందన్న కుతూహలంతో అతను కూర్చోడు. ఇతను ఎలా పాడతాడన్నదే అతని ఆసక్తి. హరిశ్చంద్రుడి వేషగాడు తెర ముందుకు రాగానే పాతవాళ్ళ చెవుల్లో డి.వి.సుబ్బారావు గొంతు మోగుతుంది. కృష్ణుడు నోరు తెరవగానే షణ్ముఖి ఆంజనేయరాజో పీసపాటి నరసింహమూర్తో గుర్తుకొస్తారు. ఈ పోలిక కొత్త నటుడికి చాలా కఠినమైన పరీక్ష. అయితే మరో కోణం నుంచి చూస్తే ఇంత తయారుగా ఉన్న శ్రోత ఏ కళకైనా దొరకడం అరుదు. సగం పాదం దగ్గరే తల ఊపేవాడు, యతి తప్పితే మొహం ముడుచుకునేవాడు ముందు వరుసలో ఉన్నాడంటే నటుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పాడతాడు.

ఈ శ్రోత చేతిలో ఉన్న ఆయుధం 'వన్స్ మోర్'. నటుడు చివరి పాదం దింపగానే కేక లేస్తుంది. హార్మోనియం శ్రుతి వదలదు. కథ ఎక్కడిదక్కడ ఆగుతుంది. పద్యం మళ్ళీ మొదలవుతుంది. చితి పక్కన ఏడుస్తున్నా, యుద్ధానికి బయల్దేరుతున్నా దానికి మినహాయింపు లేదు. నాటకాన్ని ఇది చెడగొడుతుందని విమర్శకులు శతాబ్దం నుంచీ అంటున్నారు. నాటకం అంటే కథ, పాత్ర, సంఘర్షణ అనుకుంటే ఆ మాట నిజమే. కచేరీకి, నాటకానికి మధ్య తెలుగువాళ్ళు కట్టుకున్న మూడో రూపం ఇది అనుకుంటే మాత్రం 'వన్స్ మోర్' ఆ రూపంలో ఒక భాగం. నేను రెండో పక్షం వాణ్ణి. అయినా ఆ కేకకు లొంగిపోయిన నటుడు నాటకానికి చేసిన నష్టం చిన్నది కాదని కూడా ఒప్పుకుంటాను.

ఆ నష్టం కాంట్రాక్టు నాటకాల్లో బాగా కనబడుతుంది. సినిమా వచ్చి నాటక సమాజాలు చెదిరిపోయాక, ఒక్కో ఊరి నుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి పిలిపించి, రిహార్సలు లేకుండా నేరుగా తెర ముందు కలిపే పద్ధతి బలపడింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు, యుద్ధానికి మరొక కృష్ణుడు. పోస్టరు మీద ముగ్గురు కృష్ణుల పేర్లూ పెద్దక్షరాల్లో. జనం కూడా అదే కోరారు. ఒకరిని మించి ఒకరు రాగం తీశారు. ఊరి పెద్దలు నోట్లు అందించి మైకులో పేర్లు చదివించుకున్నారు. తెల్లవారుజాము దాకా నాటకం సాగింది, కాని కృష్ణుడనే పాత్ర మొదటి నుంచి చివరి దాకా ఒక మనిషిగా ఎవరికీ కనబడలేదు. దౌత్యానికి వెళ్ళి యుద్ధం ఖాయం చేసుకొచ్చిన ఆ రాజనీతిజ్ఞుడు మూడు గొంతుల మధ్య పంచుకున్న పద్యాల మూటగా మిగిలాడు. ఇప్పుడు పూర్తి నాటకం ఆడే ఓపిక లేక సభల్లో 'బిట్లు' ఆడుతున్నారు. పడక సీను ఒక్కటి, రాయబారం ఒక్కటి, హరిశ్చంద్ర కాటి సీను ఒక్కటి. చప్పట్లకు లోటు లేదు. తెలిసినవాడు విని మురిసిపోతాడు. కొత్తగా వచ్చిన పిల్లవాడికి మాత్రం ముందువెనుకలు లేని ఆ ముక్క ఏమీ చెప్పదు.

రాగం మీద తిరుగుబాటు కూడా ఇంట్లోంచే వచ్చింది. నాటకంలో పాట పెట్టిన ధర్మవరం వారి మేనల్లుడే బళ్ళారి రాఘవ. నటన పాటకు బానిస కాకూడదని, పాత్ర ముందు అని ఆయన పట్టుబట్టారు. తర్వాతి తరంలో పీసపాటి పద్యాన్ని వదలకుండానే రాగం తగ్గించి, మాటను విడదీసి అర్థమయ్యేలా పలికి, కృష్ణుడికి కొత్త మర్యాద తెచ్చారు. షణ్ముఖి వారి సంగీతానికి పరవశించిన జనమే పీసపాటి వారి పలుకుకూ తలవంచారు. దీన్ని బట్టి నాకు తోచేది ఒకటే. మన ప్రేక్షకుడు రాగానికి మాత్రమే స్పందిస్తాడన్నది నిజం కాదు. పద్యం తన లోపలికి దిగితే చాలు. అది గమకంతో దిగిందా, ఉచ్చారణతో దిగిందా అని లెక్కచూడడు. ఇవాళ పునఃప్రదర్శన చేసేవారికి పీసపాటి దారే ఎక్కువ పనికొస్తుంది. సమాసం విడగొట్టి చెప్పకపోతే కొత్త శ్రోతకు అది చేరదు. చేరనిదానికి అతను స్పందించాలని కోరడం న్యాయం కాదు.

ప్రేక్షకుడు నాటకాన్ని తిరగరాశాడని పైన అన్నాను. దానికి అన్నిటికన్నా గొప్ప సాక్ష్యం కాటి సీను. 'సత్య హరిశ్చంద్రీయం' బలిజేపల్లి లక్ష్మీకాంతం రచన. కాని కాటికాపరి వేషంలో హరిశ్చంద్రుడు పాడే పద్యాల్లో జనం ఎదురుచూసేవి చాలావరకు బలిజేపల్లి వారివి కావు. అవి గుర్రం జాషువా ఖండకావ్యంలోని శ్మశానవాటి పద్యాలు. నాటకంతో సంబంధం లేకుండా విడిగా రాసినవి. నటులు వాటిని తెచ్చి కాటి సీనులో పెట్టారు. జనం వదల్లేదు. అవి లేకుండా ఆడితే కాటి సీను పూర్తయినట్టు కాదన్న స్థితి వచ్చింది. దీని విలువ ఎంతో ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. కులం పేరుతో అవమానాలు భరించి, ఆ అవమానం మీదే కలం ఎత్తిన కవి జాషువా. రాజు కాటికాపరిగా మారి నిలబడిన చోట, చావు ముందు గొప్పా తక్కువా లేదని చెప్పే ఆ కవి పద్యాలు, ఊరి నడిమధ్య పందిట్లో, అన్ని కులాలవాళ్ళూ కూర్చున్న సభలో మోగాయి. వాటికి 'వన్స్ మోర్' అన్నారు. ఏ పండితుడూ ఏ సంస్థా ఆ పద్యాలను పురాణ నాటకంలోకి ఆహ్వానించలేదు. నటుడి తెగువ, శ్రోత అభిరుచి కలిసి ఆ పని చేశాయి. మూల రచన శుద్ధంగా ఉండాలన్న పేరుతో జాషువా పద్యాలు తీసేసి హరిశ్చంద్ర ఆడతామంటే నేను ఒప్పుకోను. తెలుగు ప్రేక్షకుడు తన నాటకానికి ఇచ్చిన కానుక అది.

అదే ప్రేక్షకుడు 'చింతామణి'కి చేసింది పూర్తిగా వేరు.

కాళ్ళకూరి నారాయణరావు సంస్కరణ కోసం రాసిన రచయిత. 'వరవిక్రయం' కట్నం మీద, 'మధుసేవ' తాగుడు మీద. 'చింతామణి' వేశ్యాలోలత మీద. బిల్వమంగళుడు చదువుకున్నవాడు, కలిగినవాడు. చింతామణి మోజులో అన్నీ పోగొట్టుకుని చివరికి కృష్ణభక్తుడవుతాడు. చింతామణి మనసు కూడా మారుతుంది. స్థానం నరసింహారావు ఆ పాత్రకు ఎంతటి గౌరవం తెచ్చారో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1956లో భానుమతి, ఎన్.టి.రామారావులతో సినిమాగా కూడా వచ్చింది. ఇలాంటి నాటకంలో సుబ్బిశెట్టి ఒక హాస్య పాత్ర. వర్తకుడు, లోభి, మోజుపడి మోసపోయేవాడు. రాసినప్పుడే అందులో ఒక కులాన్ని నమూనాగా చూపే ధోరణి ఉందన్నది కాదనలేం. ఆ కాలపు హాస్యానికి అది మామూలు. కాని ఊరూరా ఆడుతున్నకొద్దీ నవ్వు వచ్చిన చోటల్లా నటుడు మాట పెంచాడు. ద్వంద్వార్థాలు, బూతులు, వెకిలి చేష్టలు. జనం ఈలలు వేశారు. ఈల వేసిన మాట మర్నాటికి స్థిరపడింది. కొన్నేళ్ళకు చింతామణి అంటే సుబ్బిశెట్టి నాటకమే అయింది. బిల్వమంగళుడి పశ్చాత్తాపం వేళకు సగం జనం ఇళ్ళకు బయల్దేరేవారు.

ఆర్యవైశ్య సంఘాలు ఏళ్ళ తరబడి అభ్యంతరం చెబుతూ వచ్చాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. నిషేధాన్ని హైకోర్టులో సవాలు చేశారు. కళాకారులు తమ బతుకుదెరువు పోయిందని వీధికెక్కారు. ఈ వివాదంలో రెండు పక్షాల మాటా వినదగ్గదే. తమ కులం పేరు పెట్టుకున్న పాత్రను రాత్రంతా మైకులో వెక్కిరిస్తుంటే, ఆ ఊళ్ళోనే అంగడి నడుపుకునే కుటుంబం పిల్లలకు మర్నాడు బడిలో ఏం ఎదురవుతుందో ఊహించడం కష్టం కాదు. ఆ బాధ నిజమైనది. వందేళ్ళ నాటి సంస్కరణ నాటకాన్ని మొత్తంగా మూసేస్తే, చెడ్డ ప్రదర్శనతో పాటు మంచి ప్రదర్శన చేయగల అవకాశం కూడా పోతుంది. ఈ బాధ కూడా నిజమైనదే. కాని ఈ రెండు పక్షాల వాదోపవాదాల్లో ఒక ముద్దాయి పేరు రాలేదు. సుబ్బిశెట్టిని అలా తయారు చేసింది ఈలలు వేసిన మనమే. జాషువా పద్యాలను కాటి సీనుకు తెచ్చిన అధికారం, సుబ్బిశెట్టి నోట బూతు పెట్టిన అధికారం ఒకే ప్రేక్షకుడివి.

పాత సంగీత నాటకాలకు జనం స్పందన మారిపోవడం మన ఒక్కరి అనుభవం కాదు. న్యూయార్కు బ్రాడ్‌వేలో 'షికాగో' 1975లో మొదట వచ్చింది. హంతకులు పత్రికల పుణ్యాన తారలైపోవడం దాని కథ. అప్పట్లో మరీ చేదుగా ఉందని చాలామందికి తోచింది. 1996లో మళ్ళీ ఆడితే, ఓ.జె.సింప్సన్ హత్యకేసు విచారణను టీవీలో నెలల తరబడి చూసిన జనానికి అందులో తమ కాలమే కనబడింది. ఆ పునఃప్రదర్శన ఇప్పటికీ ఆడుతోంది. స్టీఫెన్ సోండ్‌హైమ్ సంగీతం కూర్చిన 'మెరిలీ వుయ్ రోల్ ఎలాంగ్' 1981లో 16 ఆటలకే మూతపడింది. ప్రారంభానికి ముందు ఆటల్లోనే జనం మధ్యలో లేచి వెళ్ళిపోయారు. కథ వెనక్కి నడవడం వాళ్ళకు కొరుకుడు పడలేదు. మరియా ఫ్రీడ్‌మన్ దర్శకత్వంలో 2023లో బ్రాడ్‌వేకి తిరిగొచ్చి, మరుసటేడు ఉత్తమ పునఃప్రదర్శనగా టోనీ అవార్డు తీసుకుంది. 1943 నాటి 'ఒక్లహోమా!'ను 2019లో డేనియల్ ఫిష్ దాదాపు మాట మార్చకుండానే చీకటి నాటకంగా ఆడించారు. దానికీ టోనీ వచ్చింది. చిన్ననాటి వెలుగుల 'ఒక్లహోమా!' కోసం వచ్చినవాళ్ళు కొందరు మధ్యలోనే వెళ్ళిపోయారు.

అక్కడ హక్కుదారులు ఒప్పుకోనిదే మాట మారదు. దర్శకుడు వెలుతురు మారుస్తాడు, అంతరార్థం మారుస్తాడు. మన దగ్గర మాటకే కాపలా లేదు. దర్శకుడనే మనిషి కాంట్రాక్టు నాటకంలో దాదాపు లేడు. హార్మోనిస్టే దర్శకుడు, జనమే సంపాదకుడు. కనుక వాళ్ళ పునఃప్రదర్శన పద్ధతులు మనకు అచ్చంగా పనికిరావు. ఒక్క పాఠం మాత్రం తీసుకోవచ్చు. పాత నాటకాన్ని మళ్ళీ ఆడేవాడు ఎందుకు ఆడుతున్నాడో తనకు తాను తేల్చుకోవాలి. 'షికాగో' వాళ్ళు తేల్చుకున్నారు. మన సభల్లో చాలావాటికి ఆ ప్రశ్నే పుట్టదు. వర్ధంతికో జయంతికో ఆడతారు.

సురభి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ పిల్లలు వస్తారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో వనారస గోవిందరావు మొదలుపెట్టిన కుటుంబ నాటక సమాజం అది. ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే వేయడం వాళ్ళు మొదట్నుంచీ పాటించారు. 'మాయాబజార్', 'పాతాళ భైరవి' ఆడితే బాణాలు గాల్లో ఢీకొంటాయి, నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు, తెరల మీద రాజసభ ఒక్క క్షణంలో అడవైపోతుంది. 1957 నాటి 'మాయాబజార్' సినిమా ప్రతి తెలుగింట్లోనూ ఉంది. ఎస్.వి.రంగారావును మరిచిపోయి ఘటోత్కచుణ్ణి చూడడం ఎవరికీ సాధ్యం కాదు. అయినా సురభి ఆటలో పిల్లలు కేరింతలు కొడతారు. తెర మీద చూసిన మాయ వేరు, కళ్ళెదుట తాళ్ళు లాగి చేసే మాయ వేరు. ఇది ఎలా చేశారన్న ప్రశ్న పిల్లవాడి కళ్ళలో వెలుగుతుంది. పద్యం తెలియని తరాన్ని రంగస్థలం దగ్గరికి తీసుకురాగల ద్వారం మనకు ఇదొక్కటే మిగిలింది. 1990లలో దర్శకుడు బి.వి.కారంత్ వచ్చి సురభి వారితో 'భీష్మ' వంటి నాటకాలు చేయించారు. నాటకరంగం తెలిసిన నగర ప్రేక్షకులు వాటిని ఎంతో మెచ్చుకున్నారు. బయటి ఊళ్ళు సురభిని పిలిచేది మాత్రం ఇప్పటికీ 'మాయాబజార్' కోసమే. 2013లో పద్మశ్రీ అందుకున్న రేకందార్ నాగేశ్వరరావు, అందరూ ప్రేమగా బాబ్జీ అనేవారు, 2022లో కన్నుమూశారు. ఆయన తర్వాత ఆ తెరలు, తాళ్ళు, ఆ కుటుంబాల నేర్పు నిలబడాలంటే ప్రశంసలు సరిపోవు. క్రమం తప్పకుండా ఆడే ఒక స్థలం, టిక్కెట్టు కొనే ప్రేక్షకుడు కావాలి.

నాటక పరిషత్తుల పోటీల గురించి ఎక్కువ చెప్పేది లేదు. నంది నాటకోత్సవాల్లో పద్య నాటకానికి విడిగా విభాగం ఉండడం, కొన్నేళ్ళ విరామం తర్వాత 2023 డిసెంబరులో గుంటూరులో అవి మళ్ళీ జరగడం మేలే. కాని పోటీలో నటుడి చూపు న్యాయనిర్ణేత మీద ఉంటుంది. అమెరికా తెలుగు సంఘాల సభల్లో పద్య నాటకానికి దొరికే ఆదరణ వేరు రకం. అక్కడ కన్నీళ్ళు పద్యానికి కొంత, వదిలొచ్చిన ఊరికి కొంత. దాన్ని తక్కువ చేయను. ఆ శ్రోత పిల్లలు మాత్రం హాలు బయటే ఉంటారు.

ఇన్ని రకాల స్పందనలు చూశాక నా తీర్పు చెబుతాను. పద్య నాటకానికి ప్రేక్షకుడు లేడన్న మాట అబద్ధం. అతను నాటకం మీద చాలా కాలంగా పెత్తనం చేశాడు, ఇప్పుడు ఆ పెత్తనాన్ని ఎవరూ ప్రశ్నించడం లేదు. ఆడేవాళ్ళు నాలుగు పనులు చేస్తే చాలు. ఒకే కృష్ణుడితో రాయబారం పూర్తిగా ఆడాలి. మూడు గంటల్లో ముగించాలి. ప్రతి ఘట్టానికి ముందు పద్యాల తాత్పర్యం చేతికివ్వాలి. బడి పిల్లలకు ముందు వరుస ఇవ్వాలి. చింతామణి విషయంలో ప్రభుత్వానికి, కళాకారులకు, ఆర్యవైశ్య సంఘాల పెద్దలకు ఒక విన్నపం. కాళ్ళకూరి వారి మూల ప్రతిని ముందు పెట్టుకుని అందరూ కలిసి కూర్చోండి. తర్వాత చేర్చిన ప్రతి మాటనూ తీసేయండి. మూలంలోనే నొప్పించేది ఉంటే దాని గురించి కూడా మాట్లాడుకోండి. అలా శుభ్రపరిచిన నాటకాన్ని ఒక్క రాత్రి ఆడనివ్వండి. ఆ రాత్రి వెళ్ళే ప్రేక్షకులారా, బిల్వమంగళుడి చివరి పద్యం దాకా కూర్చోండి, 'వన్స్ మోర్' అనాలనిపిస్తే అక్కడ అనండి.